లైట్నింగ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవడానికి పోలార్ ఎంతవరకు పనికొస్తుంది?

బెంగళూరులో నాలుగైదేళ్లుగా బ్యాకెండ్ పనిలో ఉన్న తెలుగు డెవలపర్లు బిట్‌కాయిన్ లైట్నింగ్ నెట్‌వర్క్ (బిట్‌కాయిన్ చెయిన్‌కి బయట, వెంటనే పేమెంట్లు పంపుకునే ఏర్పాటు) వైపు చూసినప్పుడు ముందు డబ్బు గురించే అడుగుతారు. అసలు బిట్‌కాయిన్ కొనకుండా, ఎక్స్‌ఛేంజీల్లో కేవైసీ జోలికి పోకుండా, పన్ను లెక్కలు నెత్తికెత్తుకోకుండా పేమెంటు పంపడం, అందుకోవడం, అది విఫలమైతే సర్దుకోవడం నేర్చుకోవచ్చా? నేర్చుకోవచ్చు. అందుకు ఇప్పుడు దొరికేవాటిలో మేం ముందు చెప్పేది పోలార్.

పోలార్ ఒక డెస్క్‌టాప్ యాప్. ఉచితం, ఎంఐటీ లైసెన్సు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లోనే డాకర్ కంటెయినర్లుగా ఒక బిట్‌కాయిన్ కోర్ నోడ్‌ని రెగ్‌టెస్ట్ పద్ధతిలో, అంటే మీ ఒక్కరి పరీక్ష చెయిన్‌గా లేపి, దాని మీద ఎల్ఎన్‌డీ, కోర్ లైట్నింగ్, ఎక్లేర్ అనే మూడు రకాల లైట్నింగ్ నోడ్‌లను కూర్చోబెడుతుంది. ఈ మూడూ మెయిన్‌నెట్‌లో, అంటే అసలు డబ్బున్న నెట్‌వర్క్‌లో నడిచే సాఫ్ట్‌వేరే. నాణేలకు మాత్రం విలువ లేదు, బ్లాకు ఎప్పుడు రావాలో మీరే చెప్తారు. చాలామంది నాలుగు నోడ్‌లు లేపి, మధ్యలో గీత లాగి, ఒక పేమెంటు పంపి, బాగుందనుకుని మూసేస్తారు. అది పోలార్ ఇచ్చేదాంట్లో చిన్న ముక్క. దీన్ని వాడాల్సింది పగలగొట్టి చూడడానికి.

ఇన్‌స్టాల్ దగ్గర వచ్చే చిక్కులు

పోలార్‌తో కన్నా డాకర్‌తోనే ఎక్కువ తలనొప్పి. విండోస్ మీద డాకర్ డెస్క్‌టాప్‌కి డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపల లినక్స్ నడిపేది) గానీ హైపర్-వీ గానీ కావాలి. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆపేసి ఉంటే డాకర్ లేవదు, పోలార్ మాత్రం డాకర్ దొరకలేదని మాత్రమే చెప్తుంది. లినక్స్ మీద డాకర్ సాకెట్‌కి అనుమతి లేదన్న ఎర్రర్ వస్తే మీ యూజర్‌ని డాకర్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. కొత్త టెర్మినల్ తెరిస్తే చాలదు. డెస్క్‌టాప్ సెషన్ పాత గ్రూపులతోనే నడుస్తూ ఉంటుంది కాబట్టి, మెనూ నుంచి తెరిచిన పోలార్‌కి అనుమతి రాదు.

ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మొదలుపెట్టే ముందు ఒక విషయం చూసుకోండి. డాకర్ డెస్క్‌టాప్ వ్యక్తిగత వాడకానికీ, చదువుకీ, వాణిజ్యేతర ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకీ, 250 మంది కన్నా తక్కువ ఉద్యోగులుండి ఏడాది ఆదాయం కోటి డాలర్లలోపున్న సంస్థలకీ మాత్రమే ఉచితం. ఔటర్ రింగ్ రోడ్డు టెక్ పార్కుల్లోని కంపెనీలు చాలావరకు ఈ గీత దాటినవే. పైగా ఆఫీసు ప్రాక్సీ తన సర్టిఫికెట్ మధ్యలో దూర్చడంతో ఇమేజీలు సగంలో ఆగిపోవడం మామూలే. సొంత ల్యాప్‌టాప్ మీద చేసుకోవడమే మేలు.

నెట్‌వర్క్‌ని మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఒక్కో నోడ్ ఇమేజీ విడివిడిగా దిగుతుంది. మారతహళ్లి పీజీలో సాయంత్రం ఎనిమిదింటికి అందరూ వైఫై మీద పడినప్పుడు ఈ పని పెట్టుకుంటే స్టార్టింగ్ దగ్గరే చక్రం తిరుగుతూ ఉంటుంది. అది పోలార్ లోపం అనుకుని మూసేసి మళ్లీ తెరవకండి, ఇమేజీ దిగేదాకా ఆగండి. ఒకసారి దిగాక ఇంటర్నెట్ లేకపోయినా మొత్తం నడుస్తుంది.

8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో ఎక్లేర్‌ని తీసేయండి. అది జావా వర్చువల్ మెషీన్ మీద నడుస్తుంది, మిగతా రెండింటికన్నా ఎక్కువ మెమరీ తింటుంది. ఒక బిట్‌కాయిన్ కోర్, మూడు ఎల్ఎన్‌డీలు ఉంటే నేర్చుకోవాల్సినదాంట్లో చాలాభాగం అయిపోతుంది. కోర్ లైట్నింగ్‌ని తర్వాత ఒకటి చేర్చుకోండి, ఎందుకో కింద చెప్తాం.

మొదటి చానెల్‌లోనే అసలు పాఠం

ఎల్ఎన్‌డీ నోడ్‌లు మూడు పెట్టుకున్నారనుకుందాం: ఆలిస్, బాబ్, కేరల్. పోలార్ పేర్లు అలాగే ఇస్తుంది. ఆలిస్ మీద నొక్కితే కుడివైపు ఇన్ఫో, కనెక్ట్, యాక్షన్స్ అని మూడు ట్యాబులు వస్తాయి. యాక్షన్స్‌లో డిపాజిట్ చేస్తే చెయిన్ మీద నాణేలు వస్తాయి, కానీ అది ఇంకా చేయకండి. ఆలిస్ నుంచి బాబ్‌కి మౌస్‌తో గీత లాగితే చానెల్ (ఇద్దరి మధ్య డబ్బు కట్టిపెట్టి వాడుకునే ఉమ్మడి ఖాతా లాంటిది) తెరిచే పెట్టె వస్తుంది. అందులో చానెల్‌కి కావాల్సిన డబ్బు తానే వేసుకోమనే టిక్ బాక్సు ఉంటుంది. దాన్ని మొదట్లో తీసేయండి. వాలెట్‌లో డబ్బు లేకుండా చానెల్ తెరిస్తే ఏ ఎర్రర్ వస్తుందో, చెయిన్ మీది బ్యాలెన్సు వేరు, చానెల్ బ్యాలెన్సు వేరు అన్న తేడా ఏమిటో అప్పుడే తెలుస్తాయి.

ఆ తర్వాత డిపాజిట్ చేసి, 10,00,000 సతోషీలతో (పది కోట్ల సతోషీలు ఒక బిట్‌కాయిన్) చానెల్ తెరవండి. బ్లాకులు మైన్ చేశాక ఆలిస్ వైపు బ్యాలెన్సు చూస్తే 10,00,000 ఉండదు. యాంకర్ రకం చానెల్‌లో ఎల్ఎన్‌డీ సాధారణంగా 9,96,530 చూపిస్తుంది. తగ్గిన 3,470లో 2,810 కమిట్‌మెంట్ లావాదేవీ (చానెల్‌ని ఒక్కరే మూసేయాల్సి వస్తే ప్రసారం చేసేది) ఫీజు, మిగిలిన 660 రెండు యాంకర్ అవుట్‌పుట్‌లకు (ఆ లావాదేవీ ఫీజు తర్వాత పెంచుకోవడానికి ఉంచేవి) 330 చొప్పున. చానెల్ తెరిచినవాళ్లే ఇది భరిస్తారు. మీ యాప్‌లో 'చానెల్ సైజు'ని 'పంపగలిగే మొత్తం'గా చూపిస్తే మొదటి రోజే తప్పు లెక్క చూపించినట్టు.

ఇప్పుడు ఆలిస్ నుంచి బాబ్‌కి 5,000 పంపండి, వెళ్తుంది. అదే 5,000 బాబ్ నుంచి వెనక్కి పంపబోతే బ్యాలెన్సు చాలదని ఎర్రర్ వస్తుంది. బాబ్ వైపు 5,000 కళ్ల ముందే కనిపిస్తున్నా కదలదు. కారణం రిజర్వు. ఎల్ఎన్‌డీలో ఒక్కో వైపు చానెల్ సైజులో 1 శాతం, ఇక్కడ 10,000 సతోషీలు, ఎప్పుడూ తాకకుండా ఉంచాలి. చానెల్ పాత బ్యాలెన్సుల స్థితిని చెయిన్ మీదకి ప్రసారం చేసి మోసం చేయబోయినవాళ్లు పోగొట్టుకోవడానికి ఎంతో కొంత ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆలిస్ నుంచి ఇంకో 50,000 పంపి, ఆ తర్వాత బాబ్ ఎంత పంపగలడో మీరే లెక్క కట్టి, పంపి సరిచూసుకోండి.

యూపీఐకి అలవాటు పడ్డవాళ్లకి ఇక్కడే మెదడు మెలిక పడుతుంది. యూపీఐలో కొట్టువాడు ఖాతా తెరిస్తే చాలు, డబ్బు వస్తుంది. లైట్నింగ్‌లో కేరల్ అనే కొత్త నోడ్ ఇన్‌వాయిస్ (ఇంత కట్టమని అడిగే చీటీ) ఇవ్వగలదు కానీ, ఆమె వైపుకి డబ్బు రావడానికి అవతలివాళ్ల చేతిలో బ్యాలెన్సున్న చానెల్ ఉండాలి. కేరల్ తానే బాబ్‌కి చానెల్ తెరిస్తే పంపగలదు, పుచ్చుకోలేదు. ఈ ఇన్‌బౌండ్ లిక్విడిటీ అనే మాట పది వ్యాసాలు చదివినా బుర్రకెక్కదు. పోలార్‌లో చానెల్‌ని రెండు దిక్కులా తెరిచి చూస్తే పావుగంటలో ఎక్కుతుంది. ఈ ఒక్కదానికైనా పోలార్‌ని సిఫారసు చేస్తాం.

మైనింగ్ బటన్ గురించి

పైన క్విక్ మైన్ బటన్ ఉంటుంది. ఆటో మైన్ కూడా ఉంది. నేర్చుకునేటప్పుడు ఆటో మైన్ ఆపి ఉంచండి, దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, కన్ఫర్మేషన్ల (లావాదేవీ చేరిన బ్లాకుతో కలిపి ఎన్ని బ్లాకులయ్యాయన్న లెక్క) పాఠం పోతుంది. ఎల్ఎన్‌డీ చానెల్ సైజుని బట్టి 3 నుంచి 6 కన్ఫర్మేషన్ల మధ్య చానెల్‌ని వాడకంలోకి తెస్తుంది. కానీ ఆ చానెల్ గురించి మిగతా నెట్‌వర్క్‌కి ప్రకటన వెళ్లేది 6 కన్ఫర్మేషన్ల తర్వాతే. అందుకే బాబ్ నుంచి కేరల్‌కి కూడా చానెల్ తెరిచి, 3 బ్లాకులు మాత్రమే మైన్ చేసి ఆపితే, ఆలిస్ నుంచి పక్కనే ఉన్న బాబ్‌కి పేమెంటు వెళ్తుంది, బాబ్ దాటి కేరల్‌కి మాత్రం దారి లేదని వస్తుంది. కోడ్‌లో తప్పు వెతుకుతూ గంటలు పోగొట్టుకునే చోటు ఇది. ఇంకో 3 బ్లాకులు మైన్ చేసి కొన్ని సెకన్లు ఆగితే సరిపోతుంది.

రెండోది, రెగ్‌టెస్ట్‌లో మైనింగ్ బహుమతి (బ్లాకు చేసినందుకు వచ్చే కొత్త నాణేలు) మెయిన్‌నెట్‌లోలా 2,10,000 బ్లాకులకి కాకుండా ప్రతి 150 బ్లాకులకీ సగమవుతుంది. 30 సెకన్లకో బ్లాకు చొప్పున రాత్రి ఎనిమిది గంటలు వదిలేస్తే 960 బ్లాకులవుతాయి. 50 బిట్‌కాయిన్‌లున్న బహుమతి తెల్లారేసరికి ఒకటికన్నా తగ్గిపోతుంది. 4,950వ బ్లాకు దగ్గర సున్నా. పాత నెట్‌వర్క్‌లో డిపాజిట్ ఎందుకు విఫలమవుతోందో అర్థం కాకపోతే బ్లాకు ఎత్తు చూడండి. కొత్తగా మైన్ చేసిన నాణెం 100 బ్లాకులు ముదిరేదాకా ఖర్చుకి రాదన్న నియమం రెగ్‌టెస్ట్‌కీ వర్తిస్తుంది. మొదటి డిపాజిట్‌కి చెయిన్ 101 బ్లాకులు దాటాల్సి వచ్చేది అందుకే.

ఇంకోటి రోజూ ఎదురయ్యేది. నిన్న ఆపిన నెట్‌వర్క్‌ని ఇవాళ తెరిస్తే, ఎల్ఎన్‌డీ తాను చెయిన్‌తో సింక్ కాలేదంటుంది, చానెల్ తెరవనివ్వదు. చివరి బ్లాకు టైమ్‌స్టాంపు రెండు గంటలకన్నా పాతదైతే తాను వెనకబడ్డానని అది అనుకుంటుంది. ఒక్క బ్లాకు మైన్ చేస్తే దారికొస్తుంది. మధ్యాహ్నం భోజనానికని ల్యాప్‌టాప్ మూసి ఆలస్యంగా వచ్చినా ఇదే జరుగుతుంది.

మీ కోడ్‌ని తగిలించడం

కనెక్ట్ ట్యాబు పోలార్‌లో బాగా చేసిన భాగాల్లో ఒకటి. జీఆర్‌పీసీ చిరునామా, రెస్ట్ చిరునామా, టీఎల్ఎస్ సర్టిఫికెట్, మాకరూన్లు (ఎల్ఎన్‌డీ అనుమతి టోకెన్లు), వాటి ఫైల్ దారులు అన్నీ ఒకే చోట ఉంటాయి. మాకరూన్‌ని హెక్స్‌లోనూ, బేస్64లోనూ కాపీ చేసుకోవచ్చు. మొదటి ఎల్ఎన్‌డీకి సాధారణంగా జీఆర్‌పీసీ 10001, రెస్ట్ 8081 పోర్టులు వస్తాయి. కానీ ఆ పోర్టు అప్పటికే ఇంకెవరి చేతిలోనైనా ఉంటే పోలార్ స్టార్ట్ చేసేటప్పుడు వేరేది తీసుకుంటుంది. నిన్న నడిచిన కోడ్‌కి ఇవాళ కనెక్షన్ తిరస్కరించారన్న ఎర్రర్ వస్తే ముందు ఈ ట్యాబు చూడండి. పోర్టుని కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో పెట్టుకుంటే గొడవుండదు.

మీ యాప్ కూడా డాకర్‌లోనే నడుస్తుంటే 127.0.0.1 అంటే ఆ కంటెయినరే, పోలార్ కాదు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లోనైతే మీ ల్యాప్‌టాప్ చిరునామా 10.0.2.2. ఇలా చిరునామా మార్చినప్పుడు సర్టిఫికెట్‌లో ఆ పేరు లేకపోతే టీఎల్ఎస్ దగ్గర ఆగుతుంది. విసుగుపుట్టి సర్టిఫికెట్ తనిఖీనే ఆపేసే అలవాటు చేసుకోకండి, అది అలాగే ప్రొడక్షన్‌లోకి జారిపోతుంది.

రెస్ట్ ద్వారా పిలిచేటప్పుడు మాకరూన్ హెక్స్‌లో, జీఆర్‌పీసీ-మెటాడేటా-మాకరూన్ అనే హెడర్‌లో వెళ్లాలి. ఒక మాకరూన్ రావాల్సింది, సున్నా వచ్చాయి అనే ఎర్రర్ వస్తే హెడర్ పేరు తప్పని అర్థం. పోలార్ అన్నిటికీ పనికొచ్చే అడ్మిన్ మాకరూన్ కూడా చేతికిస్తుంది కాబట్టి నేర్చుకునేవాళ్లు దానితోనే మొత్తం రాసేస్తారు. మాకిది నచ్చదు. ఇన్‌వాయిస్‌లు ఇచ్చే వెబ్ సర్వర్‌కి ఇన్‌వాయిస్ మాకరూన్ చాలు. అది డబ్బు రప్పించగలదు, బయటికి పంపలేదు. సర్వర్‌లోకి ఎవరైనా చొరబడినా వాలెట్ ఖాళీ కాదు. పోలార్‌లో ఉండగానే ఆ మాకరూన్‌తో పేమెంటు పంపబోయి, అనుమతి లేదని ఎలా వస్తుందో చూసి పెట్టుకోండి.

డేటా రూపాల్లో మూడు గుంటలున్నాయి. ఒకటి, రెస్ట్ జవాబుల్లో 64 బిట్ల అంకెలన్నీ కోట్స్‌లో స్ట్రింగులుగా వస్తాయి. జావాస్క్రిప్ట్‌లో వాటిని కూడితే 1000కీ 500కీ మొత్తం 1000500 అవుతుంది. రెండు, ఇన్‌వాయిస్ చేసినప్పుడు పేమెంట్ హ్యాష్ (ఆ పేమెంటుని గుర్తించే సంఖ్య) బేస్64లో వస్తుంది. దాన్ని అలాగే ట్రాక్ కాల్ యూఆర్ఎల్‌లో పెట్టి స్థితి అడిగితే, హ్యాష్‌లో స్లాష్ పడ్డప్పుడు దొరకలేదంటుంది. ఒకసారి బాగా నడిచి ఇంకోసారి విరిగే బగ్ ఇలాంటిదే. యూఆర్ఎల్‌లకి వాడే బేస్64 రూపంలోకి మార్చి పంపాలి. మూడు, ఫీజు. ఎల్ఎన్‌డీ డిఫాల్ట్‌లో మధ్య నోడ్ 1,000 మిల్లీసతోషీలు (సతోషీలో వెయ్యో వంతు ఒక మిల్లీసతోషీ), దానిపైన పది లక్షలకి 1 చొప్పున తీసుకుంటుంది. ఆలిస్ నుంచి బాబ్ మీదుగా కేరల్‌కి 10,000 సతోషీలు పంపితే ఫీజు 1,010 మిల్లీసతోషీలు. సతోషీల ఫీల్డు మాత్రం 1 అని చూపిస్తుంది, ఆ 10 మాయమవుతుంది. డేటాబేస్‌లో మొదటి నుంచీ మిల్లీసతోషీల్లోనే దాచుకోండి. బాబ్ స్థానంలో కోర్ లైట్నింగ్ నోడ్ పెడితే దాని డిఫాల్ట్ రేటు పది లక్షలకి 10 కాబట్టి ఫీజు 1,100 అవుతుంది. ఆ నోడ్‌ని ఒకటి చేర్చుకోమన్నది ఇందుకే: ఒకే దారిలో రెండు రకాల సాఫ్ట్‌వేర్ ఉంటే మీరు డిఫాల్ట్‌లుగా భావించినవేవో బయటపడతాయి.

పేమెంటు పంపే రౌటర్ కాల్‌లో ఫీజు పరిమితి ఇవ్వకపోతే ఎల్ఎన్‌డీ డాక్యుమెంటేషన్ ప్రకారం అది సున్నా అన్నట్టే. ఫీజు లేని దారులే వెతుకుతుంది. అంటే పక్క నోడ్‌కి వెళ్తుంది, ఒక అడుగు దాటితే దారి లేదంటుంది. పోలార్ తెర మీద నుంచి పంపితే వెళ్లిన పేమెంటు మీ కోడ్ నుంచి వెళ్లట్లేదంటే ముందు ఇది చూడండి.

అందిందో లేదో ఎలా తెలుస్తుంది

నేర్చుకోవడానికి మేం ఇచ్చే అభ్యాసం ఒక టీ కొట్టు కౌంటర్ యాప్. ఇన్‌వాయిస్ క్యూఆర్ చూపించాలి, డబ్బు పడగానే కౌంటర్ మీది యూపీఐ సౌండ్‌బాక్సులా పలకాలి. చూడ్డానికి తేలికే. క్యూఆర్ కోసం ఇన్‌వాయిస్‌ని పెద్దక్షరాల్లోకి మార్చి గీయండి. క్యూఆర్‌లో పెద్దక్షరాలకి తక్కువ చోటు సరిపోతుంది, గళ్లు పెద్దగా వచ్చి పాత ఫోన్ కెమెరాలు కూడా త్వరగా పట్టుకుంటాయి. ఇన్‌వాయిస్ ఎల్ఎన్‌బీసీఆర్‌టీ అక్షరాలతో మొదలైతే రెగ్‌టెస్ట్, ఎల్ఎన్‌బీసీ తర్వాత నేరుగా మొత్తం వస్తే మెయిన్‌నెట్. యాప్‌లో ఈ తనిఖీ తప్పనిసరిగా పెట్టండి.

డబ్బు పడిందని తెలుసుకోవడానికి ఇన్‌వాయిస్ సబ్‌స్క్రిప్షన్ స్ట్రీమ్ ఉంది. ఇక్కడ బాగా జరిగే తప్పు, స్ట్రీమ్ తెగి మళ్లీ కలిసినప్పుడు మధ్యలో వచ్చినవి పోవడం. ప్రతి చెల్లింపుకీ సెటిల్ ఇండెక్స్ అనే వరస సంఖ్య ఉంటుంది. చివరిది డేటాబేస్‌లో రాసుకుని, మళ్లీ కనెక్ట్ అయ్యేటప్పుడు దాన్ని ఇస్తే ఆ తర్వాతివన్నీ ముందు పంపుతుంది. దీన్ని పోలార్‌లో పరీక్షించడం ఎంత సులువంటే: మీ యాప్‌ని ఆపండి, ఆలిస్ నుంచి మూడు ఇన్‌వాయిస్‌లు కట్టండి, యాప్‌ని లేపండి. మూడూ ఒక్కోసారే పలకాలి. నాలుగు పలికినా, రెండే పలికినా మీ కోడ్ ఇంకా కొట్టు ఎక్కే స్థితిలో లేదు.

పంపే వైపు ఇంకా జాగ్రత్త కావాలి. హెచ్‌టీటీపీ కాల్ టైమవుట్ అయిందంటే పేమెంటు విఫలమైనట్టు కాదు. నోడ్ లోపల అది ఇంకా దారిలో ఉండొచ్చు. అదే ఇన్‌వాయిస్‌ని మళ్లీ కట్టబోతే ఎల్ఎన్‌డీ ఇంకా నడుస్తోందనో, ఇప్పటికే కట్టేశారనో అడ్డుపడుతుంది, ఆ రక్షణ మంచిదే. కానీ మీ యాప్ విఫలమైందని అనుకుని వాడకందారు నుంచి కొత్త ఇన్‌వాయిస్ తీసుకుంటే రెండుసార్లు కట్టినట్టే. పేమెంట్ హ్యాష్‌తో ట్రాక్ కాల్ చేసి, తుది స్థితి తెలిశాకే ముందుకెళ్లాలి.

కాలాన్ని చేతిలో పట్టుకుని చేసే ప్రయోగం

ఇది పోలార్ లాంటి రెగ్‌టెస్ట్‌లోనే సాధ్యమయ్యేది, మెయిన్‌నెట్‌లో ఎవరూ కావాలని చేయలేనిది. కేరల్‌తో హోల్డ్ ఇన్‌వాయిస్ చేయించండి, అంటే డబ్బు వచ్చినా రహస్య సంఖ్య విడుదల చేయకుండా ఆపి ఉంచేది. ఆలిస్ నుంచి బాబ్ మీదుగా దాన్ని కట్టండి. ఇన్‌వాయిస్ యాక్సెప్టెడ్ స్థితిలో ఆగుతుంది. రెండు చానెళ్లలోనూ ఒక్కో హెచ్‌టీఎల్‌సీ (గడువులోగా ఆ రహస్యం చూపిస్తే అందే, లేకపోతే వెనక్కి వెళ్లే మొత్తం) వేలాడుతూ ఉంటుంది. ఇప్పుడు కేరల్ నోడ్‌ని ఆపేయండి. ఆమె నడుస్తూ ఉంటే గడువుకి 12 బ్లాకుల ముందు ఎల్ఎన్‌డీ తనంతట తానే రద్దు చేసి అందరినీ కాపాడుతుంది. ఆపేశారు కాబట్టి ఆ రక్షణ లేదు.

బాబ్ టెర్మినల్ తెరిచి చానెళ్ల జాబితా తీయండి. పెండింగ్ హెచ్‌టీఎల్‌సీ దగ్గర గడువు బ్లాకు ఎత్తు ఉంటుంది. బాబ్ నుంచి కేరల్‌కి ఒక ఎత్తు, ఆలిస్ నుంచి బాబ్‌కి అంతకన్నా ఎక్కువ ఎత్తు. ఆ తేడాయే బాబ్‌కున్న ఊపిరి. ముందు గడువు దగ్గరికి వచ్చేదాకా మైన్ చేసి, అక్కణ్ణుంచి రెండేసి, మూడేసి బ్లాకులు కదపండి. గడువు దాటగానే బాబ్ కేరల్‌తో ఉన్న చానెల్‌ని బలవంతంగా మూసేస్తాడు, డబ్బు వెనక్కి తీసుకుని ఆలిస్ వైపు హెచ్‌టీఎల్‌సీని రద్దు చేస్తాడు. ఆలిస్‌తో చానెల్ క్షేమంగా ఉంటుంది. ఇదే ప్రయోగంలో తొందరపడి ఒకేసారి వందల బ్లాకులు మైన్ చేస్తే రెండు గడువులూ ఒకేసారి దాటిపోతాయి, బాబ్‌కి చెయిన్ మీద పని ముగించే వ్యవధి దొరకదు, ఆలిస్ కూడా చానెల్ మూసేస్తుంది. మధ్య నోడ్‌కి ఆ తేడా ఎందుకు ఉండాలో, దాన్ని తగ్గించుకుంటే ఏమవుతుందో ఇంతకన్నా బాగా చూపించే పద్ధతి మాకు తెలియదు. రెండూ చేసి పోల్చండి.

మూసేశాక బాబ్ డబ్బు వెంటనే రాదు. పెండింగ్ చానెళ్ల జాబితాలో ముదరడానికి ఇంకెన్ని బ్లాకులో కనిపిస్తుంది. ఎల్ఎన్‌డీ ఆ ఆలస్యాన్ని చానెల్ సైజుని బట్టి 144 నుంచి 2,016 బ్లాకుల మధ్య పెడుతుంది. మన 10,00,000 చానెల్‌కి 144. పది నిమిషాలకో బ్లాకు లెక్కన మెయిన్‌నెట్‌లో ఒక రోజు ఎదురుచూపు, ఇక్కడ ఒక నొక్కు.

పోలార్ దాచిపెట్టేవి

ఇన్ని మెచ్చుకున్నాక లోటు కూడా గట్టిగానే చెప్పాలి. పోలార్ ఎల్ఎన్‌డీని సీడ్ బ్యాకప్ లేని పద్ధతిలో లేపుతుంది. 24 పదాల సీడ్ (వాలెట్‌ని తిరిగి రాబట్టుకునే పదాల వరస) కనపడదు, వాలెట్ పాస్‌వర్డు అడగదు, రీస్టార్ట్ తర్వాత అన్‌లాక్ చేయాల్సిన పని లేదు. దాంతో అన్‌లాక్ అంటే ఏమిటో తెలియకుండానే యాప్ పూర్తవుతుంది. అసలు సర్వర్ మీద కరెంటు పోయి వచ్చాక నోడ్ నడుస్తున్నట్టే ఉండి, వాలెట్ తాళం వేసి ఉండి, ఒక్క ఇన్‌వాయిస్ కూడా ఇవ్వదు. బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం ఏరియాలో ఇంట్లో నోడ్ నడపాలనుకునేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి.

ఫీజుల పోటీ లేదు. ఎవరి బ్లాకులో చోటు కోసమూ తోసుకోవాల్సిన పనిలేదు కాబట్టి, రద్దీలో బలవంతపు మూసివేత ఎంత ఖరీదవుతుందో తెలియదు. దారులు రెండు మూడే కాబట్టి పేమెంటు రెప్పపాటులో పోతుంది. ఎన్నో నోడ్‌ల మధ్య ఒక దారి కాకపోతే ఇంకోటి వెతుక్కుంటూ, మధ్యలో ఒక నోడ్ జవాబివ్వక ఆగిపోవడం లాంటివి రావు. పోలార్‌లో బాగున్న టైమవుట్ విలువలు బయట చాలవు. గాసిప్ (నోడ్‌లు చానెళ్ల కబుర్లు పంచుకోవడం) విరామాన్ని కూడా పోలార్ 5 సెకన్లకి కుదిస్తుంది, ఎల్ఎన్‌డీ సొంత డిఫాల్ట్ 90 సెకన్లు. ఇక, నోడ్ వెర్షన్లు పోలార్ విడుదలతో ముడిపడి ఉంటాయి. కొత్త ఎల్ఎన్‌డీ వచ్చిన రోజే కావాలంటే కస్టమ్ ఇమేజీ పెట్టుకోవాలి, అది చేతనైనవాళ్లకే.

ఇద్దరు కలిసి నేర్చుకునేటప్పుడు పక్క ల్యాప్‌టాప్‌లోని పోలార్‌తో కలుపుదామని చూస్తారు. కుదరదు, రెండూ వేర్వేరు చెయిన్లు. దానికి బదులు ఎక్స్‌పోర్ట్ ఉంది. మొత్తం నెట్‌వర్క్‌ని జిప్ ఫైల్‌గా తీసి ఇస్తే అవతలివాళ్లు ఇంపోర్ట్ చేసుకుని అదే చానెళ్లు, అదే బ్యాలెన్సులతో మొదలుపెడతారు. బగ్ ఉన్న స్థితిని హైదరాబాద్‌లో ఉన్న జట్టు మనిషికి పంపడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. ప్రయోగానికి ముందు ఒక ఎక్స్‌పోర్ట్ తీసి పెట్టుకుంటే, పైన చెప్పిన బలవంతపు మూసివేతని మళ్లీ మళ్లీ మొదటి నుంచి చేయొచ్చు.

పోలార్ తర్వాత

పోలార్ నుంచి నేరుగా మెయిన్‌నెట్‌కి వెళ్లకండి. మధ్యలో సిగ్నెట్ అనే ఉమ్మడి పరీక్ష నెట్‌వర్క్ ఉంది. బిట్‌కాయిన్ కోర్ 0.21 నుంచి అందులో ఉంది, నాణేలకి విలువ లేదు, బ్లాకులు సుమారు పది నిమిషాలకొకటి, ఇక్కడ మైన్ బటన్ ఉండదు. 30 సెకన్లకో బ్లాకు వచ్చే మ్యూటినీనెట్ అనే ప్రత్యేక సిగ్నెట్ కూడా ఉంది, ఓపిక తక్కువైనవాళ్లకి అది నయం. అక్కడ ఎల్ఎన్‌డీని పోలార్ సాయం లేకుండా చేత్తో లేపండి. సీడ్ కాగితం మీద రాసుకోండి. అన్‌లాక్ ఏర్పాటు చేసుకోండి.

అసలు డబ్బుతో మొదలుపెడితే 2022 నుంచి వర్చువల్ డిజిటల్ ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను, బదిలీల మీద 1 శాతం టీడీఎస్ అనేవి ఉన్నాయని గుర్తుంచుకోండి. వ్యాపారంగా ఇతరుల డబ్బు చేతులు మారేలా చేస్తే 2023 మార్చి నుంచి మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద బాధ్యతలు కూడా వస్తాయి. కోడ్ రాసే ముందు ఈ రంగం తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్‌తో ఒకసారి కూర్చోవడం అవసరం.

సిగ్నెట్‌లో చేయాల్సిన చివరి పరీక్ష బ్యాకప్‌ది. ఎల్ఎన్‌డీ చానెల్ బ్యాకప్ ఫైల్‌ని చానెల్ తెరిచిన, మూసిన ప్రతిసారీ తిరగరాస్తుంది కాబట్టి దాన్ని వెంటనే వేరే యంత్రానికి కాపీ చేసే ఏర్పాటు ఉండాలి. తర్వాత నోడ్‌ని ఆపి, డేటా ఫోల్డర్ పూర్తిగా చెరిపేసి, సీడ్‌తోనూ ఆ ఫైల్‌తోనూ తిరిగి లేపండి. చానెళ్లు తిరిగి రావు, అవతలి నోడ్‌లు వాటిని మూస్తాయి, డబ్బు చెయిన్ మీదకి వస్తుంది. అవతలి నోడ్ ఆగిపోయి ఉంటే అది తిరిగి లేచేదాకా ఆ చానెల్ డబ్బు రాదు. పాత డేటా ఫోల్డర్ కాపీ ఏదైనా ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని పెట్టి నోడ్‌ని లేపకండి. పాత స్థితి ప్రసారమైతే అవతలివాళ్లు చానెల్‌లో మీ వాటా మొత్తం తీసుకునే హక్కు ప్రోటోకాల్‌లోనే ఉంది.